మాత్రల ఇంటిపేర్లు

"పేషెంటుకు తన మందుల గురించి ఎంత తక్కువ తెలిస్తే నాకు అంత సుఖం" అన్నాడు మా బావ. ఆయన డాక్టరు. నవ్వుతూనే అన్నాడు గానీ వట్టి సరదా మాట కాదది. నాలుగు వీడియోలు చూసి బీపీ మాత్ర మానేసినవాళ్లనీ, "కండరాలు కరిగిపోతాయంట కదండీ" అంటూ కొలెస్ట్రాల్ మాత్ర పక్కన పడేసినవాళ్లనీ రోజూ చూస్తుంటాడు. ఆ విసుగు నాకు అర్థం కాకపోలేదు.

అయినా ఆ మాట మింగుడుపడలేదు. అప్పటి నుంచి దీని గురించి చదువుతూ, తెలిసినవాళ్ల మందుల డబ్బాలు చూస్తూ వచ్చాను. ఎక్కువ తెలిసి చెడగొట్టుకునేవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ తెలియాల్సిన ఒక్క ముక్క తెలియక దెబ్బతినేవాళ్లే నాకు ఎక్కువగా కనిపించారు. ఆ ముక్క పెద్దదేం కాదు. రోజూ వేసుకునే ఒక్కో మాత్ర ఏ కోవకు చెందింది, ఆ కోవకు దేనితో పడదు. అంతే. మందు రక్తంలో ఎలా కలుస్తుందో, ఎన్ని గంటలుంటుందో మనకెందుకు? అది డాక్టరు చూసుకుంటాడు.

రంగులతో గుర్తు

మా అత్తయ్య డబ్బాలో మాత్రలకు పేర్లుండవు. పొద్దున తెల్లది, టిఫినయ్యాక చిన్న గులాబీది, రాత్రికి రెండు రంగుల గొట్టం. కొన్నాళ్లుగా మంచం మీంచి లేవగానే కళ్లు తిరుగుతున్నాయంటోంది. నీరసం అన్నారు, వయసన్నారు, టానిక్ తాగమన్నారు. ఒకరోజు ఆ డబ్బా ముందేసుకుని స్ట్రిప్పులన్నీ తిరగేశాను. ముందు వైపు కంపెనీ పెట్టిన పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అసలు మందు పేరు వెనక వైపు, వెలుగులో వంచి చూస్తే గానీ ఆనదు. ఒకదాని మీద టెల్మిసార్టాన్ 40 మి.గ్రా. అని ఉంది. ఇంకోదాని మీద టెల్మిసార్టాన్ 40, ఆమ్లోడిపిన్ 5 అని ఉంది.

మొదటిది గుండె డాక్టరు రాసింది. రెండోది ఇంకేదో జబ్బుకు ఇంకో చోట చూపించుకున్నప్పుడు, అక్కడ బీపీ ఎక్కువుందని రాసింది. ఒకరి చీటీ ఒకరు చూడలేదు. "రెండూ వేరే వేరే రంగులు కదరా, వేరే మందులనుకున్నా" అంది అత్తయ్య. ఆవిడ అనుకున్నదాంట్లో తప్పేముంది? రంగూ ఆకారమూ పేరూ అన్నీ వేరే అయినప్పుడు లోపలి సరుకు ఒకటేనని ఎవరికి తోస్తుంది? డాక్టరుకి ఫోన్ చేస్తే మొదటిది ఆపెయ్యమన్నాడు. మెల్లగా కళ్లు తిరగడం తగ్గింది. టానిక్ సీసా మాత్రం అలాగే ఉంది.

ఇక్కడ ఎవరూ తప్పు మందు రాయలేదన్నది గమనించాలి. విడివిడిగా చూస్తే రెండు చీటీలూ సరైనవే. రెండూ కలిసింది అత్తయ్య దగ్గర ఒక్కచోటే. అన్ని చీటీలూ ఒకేచోట చేరేది మందులు వేసుకునే మనిషి దగ్గరే కాబట్టి, ఆ మనిషికి ఏమీ తెలియకపోవడమే మేలన్న బావ వాదన నాకు అక్కడే వీగిపోయింది.

అందరికీ తెలిసిన మాత్రతోనే

ఈ డబుల్ అవడం ఎక్కువగా జరిగేది పెద్ద పెద్ద మందులతో అనుకుంటాం. పారాసెటమాల్‌ని చూడండి. జ్వరానికీ ఒళ్లు నొప్పులకీ అంత మంచి మాత్ర ఇంకోటి లేదు, మోతాదులో వాడితే కడుపుని కూడా ఇబ్బంది పెట్టదు. పెద్దవాళ్లకు 24 గంటల్లో 4 గ్రాములు దాటకూడదు. మరీ సన్నగా ఉన్నవాళ్లకూ, మద్యం అలవాటున్నవాళ్లకూ, లివర్ జబ్బున్నవాళ్లకూ అంతకంటే తక్కువే. 4 గ్రాములంటే ఎక్కడో దూరాన ఉన్నట్టు వినిపిస్తుంది. జ్వరానికి 650 మాత్ర రోజుకు నాలుగు వేస్తే 2.6 గ్రాములు. దానితో పాటు జలుబు మాత్ర మూడు పూటలా. జలుబు మాత్రల్లో చాలావాటిలో పారాసెటమాల్ ఉంటుంది, 500 ఉందనుకుంటే ఇంకో 1.5 గ్రాములు. దాటేశాం. నడుం పట్టేసిందని వేసుకున్న నొప్పి మాత్రలో ఇంకో 325 ఉంటే అది అదనం. మూడు మాత్రలు, మూడు కారణాలు, లోపల ఒకే మందు.

ఇది చేసే హాని వెంటనే తెలియకపోవడం అసలు చిక్కు. పారాసెటమాల్‌లో చాలా భాగాన్ని లివర్ ఏ ఇబ్బందీ లేకుండా మార్చి పంపేస్తుంది. కొద్ది భాగం మాత్రం విష పదార్థంగా మారుతుంది. దాన్ని విరిచేయడానికి లివర్ దగ్గర గ్లూటథయోన్ అనే పదార్థం ఉంటుంది. మోతాదు మించితే ఆ నిల్వ అయిపోతుంది, విషం లివర్ కణాల మీద పడుతుంది. మొదటి రోజు కాస్త వికారం, వాంతులు ఉండొచ్చు, కొందరికి అవీ ఉండవు. బాగానే ఉన్నాం కదా అనుకుంటూ ఉండగానే లోపల పని జరిగిపోతుంది. దీనికి ఎసిటైల్ సిస్టీన్ అనే విరుగుడు ఉంది, 8 గంటల లోపు పడితే చాలా బాగా పనిచేస్తుంది. అందుకే ఎక్కువైందని అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురు చూడకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. అమెరికా, బ్రిటన్‌లలో లివర్ ఉన్నట్టుండి దెబ్బతినే కేసుల్లో మొదటి కారణం ఈ ఇంటింటి మాత్రే. బ్రిటన్ 1998లో ఒక్కో ప్యాకెట్లో అమ్మే మాత్రల సంఖ్యకు కళ్లెం వేసింది. అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2011లో, డాక్టరు చీటీ మీద ఇచ్చే కలగలుపు మాత్రల్లో ఇది 325 మి.గ్రా. మించకూడదని కంపెనీలకు చెప్పింది.

పిల్లల సిరప్పుల సంగతి ఇంకా గడ్డు. 5 మి.లీ.కి 120 ఉండే సీసా ఉంది, 250 ఉండేదీ ఉంది. చంటిపిల్లల చుక్కల మందులో అయితే ఒక్క మి.లీ.కే 100 ఉంటుంది. బిడ్డ బరువులో కిలోకు 10 నుంచి 15 మి.గ్రా. చొప్పున ఒక డోసు. అంటే 10 కిలోల బిడ్డకు మొదటి సీసాలోది 5 మి.లీ. సరిపోతుంది, రెండో సీసాలోది అదే 5 మి.లీ. ఎక్కువైపోతుంది, చుక్కల మందులోది 5 మి.లీ. పడితే 500 మి.గ్రా., పెద్దవాళ్ల మాత్రతో సమానం. "ఒక చెంచా పట్టు" అని ఫోనులో చెప్పే పెద్దవాళ్లకు ఏ సీసాలోదో తెలియదు. చెంచాలు పక్కన పెట్టి సీసాతో వచ్చే గొట్టంతోనే కొలవాలని డాక్టర్లు మొత్తుకునేది ఇందుకే.

పేరు చివర

మనకు ఇంటిపేరు ముందుంటుంది, మందులకు చివరుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1953 నుంచి మందుల అసలు పేర్ల జాబితాలు ప్రకటిస్తోంది. ఒకే కోవ మందులకు ఒకే తోక ఉండేలా అవి పెడతారు. అటెనొలోల్, మెటోప్రొలోల్, ప్రొప్రనొలోల్ బీటా బ్లాకర్లు. గుండె వేగాన్ని తగ్గిస్తాయి, ఆస్తమా ఉన్నవాళ్లకు జాగ్రత్త. ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి "ప్రిల్"లూ, లోసార్టాన్, టెల్మిసార్టాన్ లాంటి "సార్టాన్"లూ బీపీకి. గర్భిణులకు ఈ రెండు రకాలూ పనికిరావు. "డిపిన్"లు రక్తనాళాలను వదులు చేస్తాయి. "స్టాటిన్"లు కొలెస్ట్రాల్‌కి. ఒమిప్రజోల్, పాంటొప్రజోల్ మనం గ్యాస్ మాత్రలనేవి. అవి కడుపులో ఆమ్లం ఊరడాన్ని తగ్గిస్తాయి, తినడానికి అరగంట ముందు వేసుకుంటేనే సరిగ్గా పనిచేస్తాయి. చాలామందికి కొన్ని వారాలకు రాసినవి, ఎవరూ ఆపమనలేదు కాబట్టి ఏళ్లపాటు నడుస్తుంటాయి. అలా సాగితే బి12, మెగ్నీషియం తగ్గే అవకాశం ఉంది. పెన్సిలిన్, అమాక్సిసిలిన్ లాంటి "సిలిన్"లు యాంటీబయాటిక్స్. వాటిలో ఒకటి పడనివాళ్లు తక్కిన సిలిన్‌ల దగ్గరా డాక్టరుకి ఆ సంగతి చెప్పి తీరాలి.

ఈ చిట్కాని నేను బావకు ఉత్సాహంగా చెబితే, "నిస్టాటిన్ ఏంటో చెప్పు" అన్నాడు. అది ఫంగస్ మందు, కొలెస్ట్రాల్‌తో దానికి చుట్టరికమే లేదు. "అరిపిప్రజోల్ గ్యాస్ మాత్రా?" అన్నాడు మళ్లీ. అది మానసిక జబ్బులకు వాడేది. ఆయన చురక నాకు తగిలింది. తోక చూసి మందు కట్టేయకూడదు, నిజమే. తోక చూసి అడగాల్సిన ప్రశ్న అడగొచ్చు. "ఈ రెండిటికీ చివర సార్టాన్ అని ఉందండీ, రెండూ వేసుకోవాలా?" అని అత్తయ్య అడిగి ఉంటే చాలు, మిగతాది డాక్టరే చూసుకునేవాడు.

కిడ్నీల దగ్గర జరిగేది

ఒక్క కోవ గురించే చెప్పే వీలుంటే నేను నొప్పి మాత్రల గురించి చెబుతాను. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నాప్రాక్సెన్, ఏసిక్లోఫెనాక్. ఇవి ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారవకుండా అడ్డుకుంటాయి. నొప్పినీ వాపునీ తెచ్చేవి అవే కాబట్టి ఉపశమనం నిజంగానే దొరుకుతుంది. కానీ అవే ప్రోస్టాగ్లాండిన్లు కడుపు లోపలి పొరను కాపాడుతుంటాయి, కిడ్నీకి రక్తం తెచ్చే సన్నని నాళాన్ని తెరిచి ఉంచుతుంటాయి. అందుకే అల్సర్లు, అందుకే కిడ్నీ దెబ్బ. బీపీ కూడా పెరుగుతుంది. గుండె జబ్బున్నవాళ్లకు ఇంకా ప్రమాదం.

ఇప్పుడు మోకాళ్ల నొప్పులున్న బీపీ పేషెంటు ఒకాయన్ని ఊహించుకోండి. ఊహ ఎందుకు, అలాంటివాళ్లు నాకు బాగా తెలిసినవాళ్లలోనే ఉన్నారు. ఆయనకు ప్రిలో సార్టానో ఒకటి ఉంటుంది. కిడ్నీలో వడపోత జరిగే చోటు నుంచి రక్తం బయటికి వెళ్లే నాళాన్ని అది వదులు చేస్తుంది. మామూలప్పుడు అది కిడ్నీకి మంచిదే. ఒంట్లో నీరు తీసే మాత్ర కూడా ఉంటుంది, దాంతో రక్తం పరిమాణం కాస్త తగ్గుతుంది. ఈ రెంటి మీద నొప్పి మాత్ర పడితే లోపలికి వచ్చే నాళం బిగుసుకుంటుంది. వచ్చేది తగ్గి, పోయేది వదులై, మొత్తం రక్తమే తక్కువై వడపోతకు కావలసిన ఒత్తిడి పడిపోతుంది. కిడ్నీ వడపోసి పంపాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో పెరుగుతుంది. దీనికి తోడు విరేచనాలో వాంతులో పట్టుకుంటే రోజుల్లోనే కిడ్నీ మొరాయించవచ్చు. మూడు మాత్రలూ మంచివే, మూడూ కలిసి ఉన్నప్పుడే ముప్పు. బీపీ డాక్టరు చీటీలో నొప్పి మాత్ర ఉండదు, ఎందుకంటే అది ఆయన రాసింది కాదు. "మందులేం వాడుతున్నారు?" అని అడిగినా, "నొప్పి బిళ్ల కూడా ఒక మందేనా" అనుకుని ఎవరూ చెప్పరు. పైకి రాసుకునే జెల్‌తో మాత్ర మింగినంత మందు రక్తంలోకి చేరదు కాబట్టి, మోకాలికి ముందు అదే పెట్టి చూడమంటారు చాలామంది డాక్టర్లు.

ఆస్పిరిన్ కూడా ఈ ఇంటిదే. గుండె కోసం రోజూ చిన్న డోసు ఆస్పిరిన్ వేసుకునేవాళ్లు దానికంటే ముందు ఐబుప్రొఫెన్ వేసుకుంటే, రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ చేయాల్సిన పనికి అడ్డొస్తుంది. పిల్లలకు వైరల్ జ్వరాల్లో ఆస్పిరిన్ ఇవ్వకూడదు, రైస్ సిండ్రోమ్ అనే అరుదైన ప్రాణాంతక జబ్బు వచ్చే ప్రమాదం ఉంది.

బావ వైపు నుంచి

ఇంత చెప్పినా బావ మాటలో ఒక నిజం మిగిలే ఉంది, అదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. భయం కూడా లక్షణాలు తెస్తుంది. 2020లో ప్రచురితమైన సామ్సన్ అనే అధ్యయనం ఉంది. స్టాటిన్ పడక మానేసిన 60 మందిని తీసుకుని, కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఖాళీ సీసా ఇచ్చి రోజూ బాధ ఎంతుందో నమోదు చేయించారు. ఖాళీ సీసా నెలల్లో బాధ తక్కువ. స్టాటిన్‌తో వచ్చిన బాధలో దాదాపు 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చింది. ఆ నొప్పి అబద్ధం కాదు, మందు మాత్రం దానికి కారణం కాదు. ఈ ఫలితాలు వాళ్లకే చూపించాక సగం మంది మళ్లీ స్టాటిన్ మొదలుపెట్టారు.

ఇది చదివాక నేను కాసేపు బావ పక్షానికి వెళ్లిపోయాను. తర్వాత ఇంకో సంగతి తోచింది. ఆ సగం మంది వెనక్కి వచ్చింది దేనివల్ల? ఇంకాస్త తెలియడం వల్లే కదా. మందు పెట్టెలో మడిచి పెట్టే కాగితం చేసే పని వేరు. లక్షలో ఒకరికి వచ్చేదీ, పదిమందిలో ఒకరికి వచ్చేదీ ఒకే సైజు అక్షరాల్లో వరసగా రాసి చేతిలో పెడుతుంది. చదివినవాడికి టెన్షన్ తప్ప ఇంకేం మిగులుతుంది? కంపెనీ తనను తాను కాపాడుకోవడానికి రాసుకున్న కాగితం అది.

ఇంకో భయం, కోవ తెలిసినవాడు సొంతంగా ఆపేస్తాడని. అది అన్నిటికంటే ప్రమాదం. బీటా బ్లాకర్ ఒక్కసారిగా మానేస్తే గుండె వేగం ఎగదన్నుతుంది, గుండె జబ్బున్నవాళ్లకు నొప్పి రావచ్చు. వారాల తరబడి స్టెరాయిడ్ వాడితే ఒంట్లో సహజంగా తయారయ్యేది నిద్రపోతుంది, టక్కున ఆపితే మనిషి కుప్పకూలవచ్చు. ఆల్ప్రాజోలామ్ లాంటి నిద్ర, ఆందోళన మాత్రలు చాలాకాలం వాడి ఒక్కసారి మానితే ఫిట్స్ కూడా రావచ్చు. కానీ ఇవి కోవ తెలియనివాళ్లూ మానేస్తున్నారు, స్ట్రిప్ అయిపోయిందనో, తగ్గిపోయిందనో. "ఇది ఒక్కసారి ఆపకూడని రకం" అన్న ముక్క తెలిసినవాడే స్ట్రిప్ అయిపోకముందు కొత్తది తెచ్చుకుంటాడు.

మారుతున్న మాట

యాంటీబయాటిక్స్ గురించి అందరూ అన్నీ చెప్పేశారు. వైరస్ జలుబుకు అవి పనిచేయవని ఇప్పుడు ఎవరికి తెలియదు? తెలిసీ అడుగుతారు. నాకు ఆసక్తి అనిపించింది వేరే విషయం. "తగ్గినా కోర్సు పూర్తి చెయ్యాలి" అన్నది మనం వేదవాక్కులా నేర్చుకున్నాం. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో కొందరు నిపుణులు ఆ మాటకు గట్టి ఆధారం లేదని, అవసరానికి మించి వాడిన రోజులే బ్యాక్టీరియా మొండికేయడానికి దోహదం చేస్తాయని రాశారు. చాలా ఇన్‌ఫెక్షన్లకు ఇప్పుడు తక్కువ రోజుల కోర్సులే రాస్తున్నారు. టీబీ లాంటివాటికి మాత్రం నెలల తరబడి ఆపకుండా వాడాల్సిందే. అందువల్ల మనకు మిగిలిన పని డాక్టరుని "ఎన్ని రోజులు?" అని అడిగి, అన్ని రోజులే వేసుకోవడం. మిగిలినవి దాచి పక్కింటివాళ్లకు ఇవ్వకపోవడం. డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివాటిని పాలతోనో, కాల్షియం, ఐరన్ మాత్రలతోనో కలిపి వేసుకుంటే మందు వాటికి అతుక్కుని సరిగ్గా ఒంటికి పట్టదని కూడా ఎవరూ చెప్పరు.

మాత్ర మీద మాత్ర

కోవ తెలియకపోతే జరిగే ఇంకో వింత ఉంది. ఆమ్లోడిపిన్ కొందరికి చీలమండల దగ్గర వాపు తెస్తుంది. ఆ వాపు చూసి ఇంకొకరు నీరు తీసే మాత్ర రాస్తారు. నీరు తీసే మాత్రతో పొటాషియం తగ్గుతుంది, దానికొక సిరప్. "ప్రిల్" మాత్రతో కొందరికి పొడి దగ్గు వస్తుంది, అది దగ్గు మందులతో తగ్గదు, మాత్ర మారిస్తే తగ్గుతుంది. ఈలోపు దగ్గు సిరప్పుతో మత్తు, మత్తుతో తూలడం. జలుబు, దగ్గు మందుల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్ లాంటి పాతతరం అలర్జీ మందులు మెదడులోకి వెళ్తాయి కాబట్టి నిద్ర ముంచుకొస్తుంది. ప్రోస్టేట్ పెరిగిన పెద్దవాళ్లకు మూత్రం బిగిసిపోయేలా కూడా చేస్తాయి. ముక్కు దిబ్బడకని అదే మాత్రలో కలిపే ఫినైలెఫ్రిన్ నోటి ద్వారా తీసుకుంటే పనే చేయదని 2023లో ఎఫ్‌డీఏ నిపుణుల కమిటీ ఏకగ్రీవంగా తేల్చింది. అయినా మనం మింగుతూనే ఉన్నాం.

కొత్త బాధ మొదలైనప్పుడు, "ఈ మధ్య కొత్తగా మొదలుపెట్టిన మాత్ర ఏదైనా ఉందా?" అని ముందు మనమే లెక్క చూసుకుంటే ఈ గొలుసు మొదటి ముడి దగ్గరే తెగే అవకాశం ఉంది. ఆ ప్రశ్న డాక్టరు అడగాలి కదా అంటారా? అడగాలి. ఆయన ముందు ఇంకా చాలామంది కూర్చుని ఉంటారు.

ఈ బాధ్యతంతా పేషెంటు నెత్తినే పెడుతున్నానా అన్న అనుమానం నాకు పూర్తిగా తీరలేదు. డెబ్భై దాటినవాళ్లు వెలుగులో వంచి చూస్తే గానీ కనపడని అక్షరాలు చదివి కోవలు గుర్తుపెట్టుకోవాలనడం అన్యాయమే. అందుకే ఇంట్లో కళ్లు ఆనేవాళ్లు ఎవరో ఒకరు ఒక కాగితం మీద మందు అసలు పేరు, దేనికి, ఏ కోవ, ఎవరు రాశారు అని రాసిపెట్టి, నొప్పి బిళ్లలూ గ్యాస్ బిళ్లలూ విటమిన్లూ కూడా అందులో చేర్చి, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ఆ కాగితం ముందు పెట్టాలంటాను. బావని అడిగితే, "అలాంటి కాగితం తెచ్చేవాళ్లయితే నాకు అభ్యంతరం లేదు, వీడియో తెచ్చేవాళ్లతోనే గొడవ" అన్నాడు. కంపెనీలు కూడా అసలు పేరుని ముందు వైపు, పెద్ద అక్షరాల్లో వేయొచ్చు. మెథోట్రెక్సేట్ లాంటి మాత్ర మీద అయితే ఇంకా గట్టిగా వేయాలి. కీళ్లవాతానికి దాన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకునే మిగతా మాత్రల మధ్య పడి రోజూ మింగేసి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఏ రోజు వేసుకోవాలో, సోమవారమా గురువారమా, చీటీ మీదే రాయించుకోండి.